అంటు కింది చిగురు

1966 ఫిబ్రవరి 18

ఇది ఆఫీసు పుస్తకం కాదు. ఆఫీసు పుస్తకంలో ఆకులెన్ని, కాండం చుట్టుకొలతెంత, వాన ఎన్ని మిల్లీమీటర్లు అని రాస్తాను. వాన గడిలో నాలుగు నెలల నుంచి సున్నాలే. ఇందులో నోటికొచ్చింది రాసుకుంటాను, అడిగేవాడు లేడు.

ఈ రోజు మాత్రం సంతోషమే. మంచిర్యాల నుంచి సైకిల్ తొక్కుకుంటూ ఎల్లారం చేరేసరికి పదిన్నర. బుచ్చవ్వ చేనులో మొదటి వరుస బత్తాయి చెట్లు అప్పటికే ఆకులు ముడుచుకున్నాయి. రెండో వరుస చెట్లు మాత్రం తమకేమీ పట్టనట్టు ఆకులు విప్పుకుని నిలబడ్డాయి. పన్నెండు దాటినా అంతే. అదే నేల, అదే బావి, అదే ఎండ. పైన ఉన్నది కూడా అదే బత్తాయి. తేడా అంతా కింద, అంటు కట్టేందుకు వాడిన వేరు మొక్కలో. మొదటి వరుసకు జంబేరి నిమ్మ మొదలు, రెండో వరుసకు రంగపూర్ నిమ్మ మొదలు. వరుసకు పన్నెండు. ఇరవై నాలుగింటికీ కన్ను కట్టింది నేనే, అరవై ఒకటి వానాకాలంలో. నేను చెప్పానా లేదా! నీళ్లు తక్కువైన చెలక భూములకు రంగపూరే సరైనదని ఐదేళ్లుగా మొత్తుకుంటున్నాను. కరీంనగర్‌లో మా తోటల శాఖ పై అధికారి ముత్తయ్య గారు నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు నవ్వమనండి.

బుచ్చవ్వకు ఇదంతా అప్పట్లో విడమరచి చెప్పాల్సి వచ్చింది. పుల్లటి కాయ కాసే మొక్క కాండం గీసి, అందులో బత్తాయి కన్ను దూర్చి, కట్టి, అది చిగురేశాక పాత తల నరికేస్తే వేరొకటి, కాపొకటి అవుతుందని చెప్పాను. ఆమె అంతా విని, "అంటే ఇల్లరికమన్నట్టు. అల్లుడు బయటోడు, ఇల్లు అత్తగారిది" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేనని ఒప్పుకున్నాను. కన్నులు కట్టిన మూడు రోజులూ పక్కనే కూర్చుని నా చేతులే చూసింది.

జొన్న వేసుకునే చేను అది. నా మాట మీద చెట్లు పెట్టింది. ఈ ఏడు తొలి కాపు, శనగ గింజంత పిందెలు నిలిచాయి. కొడుకు రాయమల్లు మందమర్రిలో బొగ్గుబాయి పనికి పోతాడు. చేను అమ్మేసి తన క్వార్టరుకు రమ్మని రెండేళ్లుగా పిలుస్తున్నాడు. "కాపు సూసినంక జెప్తా" అని ఆమె జవాబు. ఈ రోజు పిందెలను వేలితో ముట్టుకోకుండా, అల్లంత దూరం నుంచే లెక్కపెట్టింది.

ఫిబ్రవరి 27

కరీంనగర్ వెళ్లాను. ముత్తయ్య గారు రెండు వరుసల ఆకుల లెక్క చూసి మొదటిసారి నవ్వలేదు. "పర్శరాములూ, ఈ ఎండాకాలం దాటిస్తే నీ రంగపూర్‌ను రెండు జిల్లాలల్ల పెట్టిస్తా" అన్నారు. బీరువా తీసి ఒక పొట్లం, ఒక స్పిరిట్ సీసా ఇచ్చారు. టూ ఫోర్ డి. పొట్లంలో తెల్లటి పొడి. చెట్టు ఎండకు తట్టుకోలేక ఆకూ పిందే రాల్చేస్తుందే, ఆ రాలుడు ఆపే మందు.

"నీళ్లల్ల కరగదు. ముందు స్పిరిట్‌ల పూర్తిగ కరగాలె, అప్పుడు నీళ్లల్ల పొయ్యాలె. యాదుంచుకో. ఎక్కువైతే కలుపు మొక్కలను మాడగొట్టే మందు గూడ గిదే" అన్నారు.

నాకు తెలియదా అనుకున్నాను. తల ఊపి వచ్చాను.

మార్చి 2

బస్సులో స్పిరిట్ సీసా పగిలింది. సంచి, ధోవతి అంతా వాసన. కండక్టరు నన్ను తాగినవాణ్ని చూసినట్టు చూశాడు. పొట్లం తడవలేదు, అదే పదివేలు.

మార్చి 5

మళ్లీ కరీంనగర్ పోయి "సార్, సీసా పగిలింది" అని నిలబడాలంటే మనసొప్పలేదు. రంగపూర్‌ను రెండు జిల్లాల్లో పెట్టిస్తానన్న మనిషి ముందు సీసా మోయడం కూడా చేతకానివాణ్నని చెప్పుకోవాలా? పైగా ఎండలు ముదురుతున్నాయి, పిందె ఆగదు.

బుచ్చవ్వ మరిది హనుమండ్లు ఇప్పసారా కాస్తాడు. స్పిరిట్ అంటే ఏమిటి, సారాకి అన్నే కదా! అడిగితే మొదట దిగిన ఘాటు సరుకు ఒక సీసా ఇచ్చాడు. నేనేం గుడ్డిగా తీసుకోలేదు. బండరాయి మీద పోసి అగ్గిపుల్ల గీశాను. నీలం మంట భగ్గున లేచింది. స్పిరిట్ కూడా ఇలాగే మండుతుంది. ఇంకేం కావాలి?

మార్చి 6

మందు కొట్టాను.

పొడిని సారాలో పోసి గిలకొట్టాను, పాలలా అయింది. దాన్ని డ్రమ్ము నీళ్లలో కలిపాను. బకెట్‌తో పైనుంచి ముంచి పిచికారీ పంపులో పోసుకుంటూ మొదటి వరుస అంతా కొట్టేసరికి డ్రమ్ము సగమైంది. అప్పుడు కర్రతో అడుగు దాకా బాగా కలిపి రెండో వరుస మొదలుపెట్టాను. చివర్లో అడుగున తెల్లగా మడ్డి కనిపించింది. కరీంనగర్ నుంచి తెచ్చిన మందు, పారబోయడానికి చేతులు రాలేదు. రెండు చెంబుల నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా రెండో వరుసకే కొట్టాను. నా రంగపూర్ చెట్లు, వాటికి రెండు చుక్కలు ఎక్కువ పడితే తప్పేముంది?

బుచ్చవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "గిదేంది సారూ, చెట్లకు సారా తాపుతున్నవా?" అంది.

"నాకు దొరకక నేనేడుస్తుంటే చెట్లకాయె" అన్నాడు హనుమండ్లు.

ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం.

మార్చి 9

రెండో వరుసలో లేత ఆకులు మెలితిరిగాయి. ఎండ ఎక్కువైంది.

మార్చి 10

ఎండే.

మార్చి 12

ముదురు ఆకులు కూడా. పడమటి గాలి ఒకటి తోడైంది. మొదటి వరుసకు ఇంతగా తగల్లేదు, అది కాస్త పల్లంలో ఉంది కాబట్టి.

మార్చి 13

పల్లంలో లేదు. రెండు వరుసలూ ఒకే మట్టంలో ఉన్నాయి. ఐదేళ్లుగా చూస్తున్న చేను.

మార్చి 20

రెండో వరుసలో ఒక్క పిందె లేదు. కొమ్మలు కొసల నుంచి నల్లబడి వస్తున్నాయి. బుచ్చవ్వ రాలిన పిందెలన్నీ ఏరి చాటలో పోసి పెట్టింది. "గివి ఎందుకన్న పనికొస్తయా సారూ?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. ఆమె చాట తీసుకెళ్లి చెట్ల మొదట్లో పోసింది.

మార్చి 28

ముత్తయ్య గారు జీపులో వచ్చారు. వరుసల మధ్య ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచారు.

"మందు సరిగ్గ కలిపినవా?"

"కలిపాను సార్."

"స్పిరిట్ సరిపోయిందా?"

"సరిపోయింది సార్."

ఆయన చెబుతుంటే ఆఫీసు పుస్తకంలో నేనే రాశాను. జంబేరి మొదలు మీద చెట్లు, నీరసంగా ఉన్నవి, సజీవం. రంగపూర్ మొదలు మీద చెట్లు, అనావృష్టికి తట్టుకోలేదు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మెచ్చుకుంటారు అందరూ. కింద సంతకం కూడా పెట్టాను.

జీపు ఎక్కుతూ, "నువ్వేం రంది పెట్టుకోకు. మొదలే బాగలేకపోతే నువ్వేం జేస్తవు?" అని నా భుజం తట్టారు.

ఏప్రిల్ 2

రాసేస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

ఆ రోజు బండరాయి మీద సారా మండింది, నిజమే. మంట ఆరాక రాయి తడిగానే ఉంది. చూశాను. స్పిరిట్ అయితే రాయి పొడిగా మిగలాలి. సారాలో సగం నీళ్లే. పొడి కరగలేదు, పాలలా తేలింది, అడుగున పేరుకుంది. పైనుంచి ముంచుకున్న తేట నీళ్లు మొదటి వరుసకు పోయాయి. అడుగున ఉన్న మందంతా నా చేత్తో కలిపి, కడిగి, వెతికి వెతికి మరీ రెండో వరుసకు కొట్టాను. ఎండకు తట్టుకున్న చెట్లను నేను చంపి, ఎండకు చచ్చాయని సంతకం పెట్టాను. ఛీ, నా బతుకు.

రేపు పోయి బుచ్చవ్వకు చెబుతాను.

ఏప్రిల్ 3

పోలేదు.

ఏప్రిల్ 10, ఆదివారం

పోయాను. రాయమల్లు సెలవు చూసుకుని వచ్చి ఉన్నాడు. తల్లీకొడుకులు బావి గట్టు మీద వాదులాడుకుంటున్నారు.

"బాయిల మూరెడు నీళ్లు గూడ లెవ్వు. ఎవలి కోసముంటవే అవ్వా? ఆడ నల్లా ఉన్నది, కరెంటు ఉన్నది, కోడలున్నది."

"చెట్లున్నయి గదరా."

"ఏవీ చెట్లు? ఒక వరుస కట్టెలాయె, ఒక వరుస రేపో మాపో! సారును అడుగు. గీ సారే గద పెట్టిచ్చింది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. చెప్పడానికే పోయినవాణ్ని. "వాన పడితే చూద్దాం" అన్నాను.

"ఇన్నవా? వానదాక ఉంట. వానకు గూడ చెట్లు లేవకుంటే నువ్వు జెప్పినట్టే ఇంట" అంది బుచ్చవ్వ. రాయమల్లు నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. పోతూ తల్లి కోసం తెచ్చిన కొత్త చెప్పుల జత గట్టు మీద పెట్టాడు.

ఏప్రిల్ 24

పోతున్న నాకు బుచ్చవ్వ ఊరి బయటే ఎదురొచ్చింది. రొప్పుతోంది. "సారూ, మొలిసినయి! రెండో వరుస పచ్చగ మొలిసినయి!"

సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాను. నిజమే. ఎండిన కట్టెల మొదట్లో పచ్చటి చిగుళ్లు, పన్నెండింటిలో తొమ్మిదింటికి. ఒంగి చూశాను. చిగురు అంటు కట్టిన చోటుకు పైన వేసిందా, కింద వేసిందా అన్నదే ప్రశ్న. పైన వేస్తే బత్తాయి. కింద వేస్తే రంగపూర్ నిమ్మ, చిన్న పుల్లకాయ.

తొమ్మిదింటికీ కిందే.

చూడండి దాని మొండితనం! పై తలంతా మాడిపోయినా, చుక్క నీరు లేకపోయినా, ఎర్రమట్టిలోంచి మళ్లీ లేచింది. నేను చెప్పానా లేదా. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, "బతికినట్టేనా సారూ?" అని అడిగింది.

"బతికిందవ్వా" అన్నాను.

అబద్ధం కాదు. మొదలు బతికింది.

మే 9

బావి పూర్తిగా ఎండింది. బొగ్గుబాయిలోంచి పంపులతో తోడి వదిలే నీళ్లు వాగులో సన్నగా పారుతున్నాయి, ఎల్లారానికి మైలు దూరం. బుచ్చవ్వ పొద్దునే కావడి వేసుకుని పోయి రెండు కుండలు తెస్తోంది. రెండు తడవలు పోతే నాలుగు కుండలు. అరవైకి దగ్గరపడిన మనిషి. నేను పోయిన రోజు నేనొక తడవ తెస్తాను, భుజం వాచిపోతోంది.

ఈ రోజు కుండలు దించి అడిగింది. "రెండు వరుసలకు అందవు సారూ. ఏ వరుసకు పొయ్యమంటవు?"

జవాబు నాకు తెలుసు. మొదటి వరుసకు పొయ్యాలి. అందులోనే బత్తాయి ఇంకా ప్రాణంతో ఉంది. దాని కొమ్మల కన్నులు తెచ్చి రెండో వరుస చిగుళ్లకు కట్టొచ్చు. వేరు ఇక్కడుంది, తల అక్కడుంది. కానీ మొదటి వరుసకు పొయ్యమంటే, "మరి రెండోది?" అంటుంది. అప్పుడు రెండోది బత్తాయి కాదని చెప్పాలి. ఎందుకు కాలేదో చెప్పాలి. సారా సంగతి చెప్పాలి.

"నీ ఇష్టమవ్వా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కొంచెంసేపు చూసి, కుండ రెండో వరుసలో వంచింది.

మే 17

మొదటి వరుసలో మూడు చెట్లు పోయాయి. చిగుళ్లు జానెడు అయ్యాయి. ఇప్పుడే కట్టలేం, పుల్ల మరీ సన్నం. పెన్సిలంత లావు కావాలి.

మే 26

ఏడు పోయాయి. ఉత్తరం రాశాను. ముత్తయ్య గారికి, మొత్తం. సీసా, సారా, మడ్డి, సంతకం. ఈ నోటుబుక్కులోనే పెట్టాను, రేపు పోస్టులో వేస్తాను.

జూన్ 4

చిగుళ్లు పెన్సిలంత అయ్యాయి. కత్తి సంచిలోనే ఉంది.

జూన్ 5

మొదటి వరుసలో రెండు చెట్లకు పచ్చి కొమ్మలున్నాయి. కత్తి తీసి, మళ్లీ సంచిలో పెట్టాను. కన్ను దూర్చేందుకు బెరడు లేవదు ఈ ఎండకు, కన్ను పెట్టినా ఎండిపోతుంది, వాన పడ్డాక కట్టడమే మంచిది. పుస్తకంలో కూడా అలాగే ఉంది.

బెరడు గీసి చూడలేదు. రోజూ నీళ్లు తాగుతున్న చిగుళ్లు. లేచేదేమో.

జూన్ 19

ఆ రెండూ పోయాయి. మృగశిర వచ్చి దాటిపోతోంది, మబ్బు కూడా లేదు. వరుసంతా చూశాను, గోటితో గీరితే ఎక్కడా పచ్చ లేదు.

కొత్త బత్తాయి కన్నులు పంపమని చివర ఒక ముక్క చేర్చి, ఉత్తరం ఈ రోజు పోస్టులో వేశాను. వేసి వచ్చి, ఇన్నాళ్లూ ఎందుకు వేయలేదని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకోవడం కూడా నాకు సుఖంగానే ఉంది, సిగ్గులేని ముండాకొడుకును.

జూలై 6

కరీంనగర్ నుంచి జవాబు. ముత్తయ్య గారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చినాయన రెండు ముక్కలు రాశారు. ఎల్లారం ప్రయోగం మార్చి నివేదికతో ముగిసింది. ఆ నివేదిక ఆధారంగా నారుమడిలో రంగపూర్ మొక్కలు పీకించి, ఆ మడుల్లో జంబేరి గింజ వేయించారు. కొత్త కన్నులు కావాలన్న విన్నపం ఈ ఏడు కుదరదు, తోటలో తల్లిచెట్లు కూడా ఎండి ఉన్నాయి.

నా సారా విషయం ఆయన ఎత్తనే లేదు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

జూలై 7

ఎల్లారం పోయి బుచ్చవ్వకు చెప్పాను. ఆమె చిగుళ్ల మొదట్లో మట్టి సర్దుతోంది. చిగుళ్లు నడుమెత్తు లేచాయి, గుబురుగా, నవనవలాడుతూ. నేను ఎదురుగా మట్టిలో కూర్చుని సీసా దగ్గర నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. చివరికి, "ఇవి బత్తాయి కాదవ్వా, నిమ్మ. పుల్లకాయ కాస్తాయి" అన్నాను.

"నాకెర్కనే సారూ" అంది.

"ఎప్పటి నుంచి?"

"మొలిసిన నాలుగొద్దులకే. ముల్లు సూసిన, ఆకు నలిపి వాసన సూసిన. గా ఏడు నువ్వు కన్ను కట్టకముందు ఇట్లనే ఉండె గద మొక్కలు. అల్లుడు పోయిండు, అత్తగారిల్లు నిలవడ్డది."

"తెలిసీ మైలు దూరం నుంచి నీళ్లెందుకు మోశావవ్వా?" అని అడిగాను.

ఆమె మట్టి చేతులు దులుపుకుంది. కోపంగా లేదు, ఆశ్చర్యపోయినట్టుంది. "అదేంది సారూ? నువ్వు కడ్తవని. నువ్వు కన్ను కట్టెటోనివి గద! ఇటు దిక్కు మొదలున్నది, అటు దిక్కు కొమ్మున్నది. చిగురు లావైతే కత్తి తెస్తడు, కడ్తడనుకున్న. దినాం సూసిన. నువ్వు సంచిల చెయ్యి పెడితే, ఇగో ఇయ్యాల తీస్తడనుకున్న. మల్ల తియ్యకపోతివి. పెద్ద సదువు సదివినోడు, ఏదో లెక్క ఉంటది, టైం గావాలె గావచ్చని నేనే ఊకున్న."

"నన్ను అడగాల్సింది."

"అడిగిన గదా, ఏ వరుసకు పొయ్యాలె అని. నువ్వు నీ ఇష్టమంటివి."

లేచి, మిగిలిన అర కుండ నీళ్లు చివరి చిగురుకు పోసింది. తర్వాత గట్టు మీద కొడుకు పెట్టిపోయిన చెప్పుల జత తీసుకుని దుమ్ము కొట్టింది. ఏప్రిల్ నుంచి అవి అక్కడే ఉన్నాయి. "మందమర్రి దిక్కు పోతే రాయమల్లును రమ్మని జెప్పు సారూ. బండి తెమ్మను" అంది. చెప్పులు కాళ్లకు తొడుక్కుంది. కొంచెం బిగుతుగా ఉన్నాయి.

జూలై 10, ఆదివారం

రాయమల్లు బండి తెచ్చాడు. పెద్దగా సామాను లేదు. చేనుకు అతను ముందే బేరం మాట్లాడి పెట్టుకున్నాడు, కొన్నవాళ్లు చెట్లు పెరికించి జొన్న వేస్తారట. హనుమండ్లు కావడి బద్ద తనకిమ్మన్నాడు, ఇచ్చేసింది.

బండి ఎక్కి నన్ను పిలిచి, "జర తిండి తిను సారూ, మొకం గుంజుకపోయింది" అంది. అంతే.

జూలై 14

రాత్రంతా వాన. ఆఫీసు పుస్తకంలో నలభై రెండు మిల్లీమీటర్లు రాశాను.

నాకు ఎల్లారంలో పని లేదు, అయినా పోయాను. సైకిల్ బురదలో దిగబడితే మోసుకుంటూ పోయాను. చెట్లు ఇంకా పెరకలేదు. తొమ్మిది చిగుళ్లూ తడిసి మెరుస్తున్నాయి.

కత్తి తీశాను. మొదటి చిగురు మీద అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టి మొనతో ఎత్తాను. బెరడు ఇట్టే లేచింది, లోపల తెల్లగా, తడిగా ఉంది. రెండోదానికి చూశాను, లేచింది. తొమ్మిదింటికీ లేచింది. ఐదేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ లేవలేదు.

పెట్టడానికి కన్ను లేదు. ఒక్కొక్క గాటూ మళ్లీ మూసి, చేతిరుమాలు పీలికలుగా చింపి తొమ్మిదింటికీ కట్టు కట్టి వచ్చాను.